నాలుగవ గడిలో ‘చూడుము’

పేరు: ఉద్యోగుల పట్టీలో ఒకటి ఉంది గానీ, దానితో పిలిస్తే ఆమె తిరిగి చూడరు, ప్రచురణాలయంలో అందరి నోటా అకారాదమ్మగారు. వయస్సు: యాభై ఏడు సంవత్సరాల నాలుగు నెలలు. ఉత్తరప్రత్యుత్తరాల విభాగంతో పరిచయం: ఇరవై మూడు సంవత్సరాలు. ఇన్నేళ్ళలో ఆమె పంపిన కాగితం ఏదీ సవరణ కోసం వెనక్కి వెళ్ళలేదు. వెళ్ళిన మొదటి కాగితం గురించే ఈ వివరణ.

అకారాదమ్మగారి పని పుస్తకాల చివర సూచిక కూర్చడం. ఏ విషయం ఏ పుటలో ఉందో అక్షరక్రమంలో చెప్పే ఆ ఆరేడు పుటలను పాఠకులు అవసరపడితే తప్ప చూడరు. చూసినా ఎవరు కూర్చారని అడగరు. ప్రచురణాలయం వేసేవన్నీ యంత్రాల పుస్తకాలు, కట్టడాల పుస్తకాలు, నియమావళులు. అటువంటి వాటిలో సూచిక తప్పితే మరమ్మతు చేసేవాడు బాయిలరు ముందు నిలబడి చెమటలు కక్కుతూ పుటలు తిప్పుకోవలసి వస్తుంది. అందుచేత ఆమె పుస్తకాన్ని కంప్యూటరులో చదువుతారు గానీ, సూచికను మాత్రం చీటీల మీదనే వ్రాస్తారు. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క చీటీ. కంప్యూటరును వెతకమంటే మాట దొరుకుతుందే తప్ప విషయం దొరకదని ఆమె అభిప్రాయం.

పుస్తకానికి రెండు వేల చీటీలకు తక్కువ కావు. వాటిని పరచడానికి ఇల్లంతా కావాలి. అచ్చులు మంచం మీద, కకారం సోఫా మీద, చకారం భోజనాల బల్ల మీద ఉంటాయి. టకారానికి జనాభా తక్కువ గనుక ఇస్త్రీ బల్ల సరిపోతుంది. తకారం హాలు నేల మీద పరుచుకుంటుంది. పకారం మొదలు మకారం దాకా వంటింటి నడవ పొడవునా సాగి ఫ్రిజ్ దగ్గర ఆగుతుంది. మిగిలినవి వీధి గుమ్మం దగ్గర సర్దుకుంటాయి. భర్తగారు ముప్పై రెండేళ్ళు లిఫ్టుల మెకానిక్కుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఎత్తులు, లోతులు ఎరిగిన మనిషి గనుక ఇన్ని అక్షరాల మధ్య ఒక్కటీ తొక్కకుండా తిరగగలరు గానీ, నోరు మాత్రం ఊరుకోదు.

“ఒక్క మంచినీళ్ళ సీసాకి భకారం దాటి రావాలటోయ్ ఈ ఇంట్లో.”

“దాటండి. బేరింగుల మీద కాలు వెయ్యకండి, రేపు పంపాలి.”

ఇల్లు కాక ఆఫీసులో ఇదే పని జరుగుతుందా అంటే, ఒకసారి ప్రయత్నించి చూడడమైనది. ఆమె ఉండే భవనానికి మరమ్మతులు జరిగిన వారం ఆమెకు ఆఫీసు మూడవ అంతస్తులో అరబల్ల కేటాయించారు. బల్లకు సరిగ్గా పైన ఫ్యాను ఉంది. మధ్యాహ్నం ఎవరో వచ్చి ఉక్కగా ఉందని దాని వేగం పెంచారు. వంతెనల పుస్తకంలోని కాంక్రీటు ఎగిరి మరమ్మతుకూ మలుపుకూ మధ్య వాలింది. స్తంభాలు మెట్లు దిగి క్యాంటీను దాకా వెళ్ళాయి. ఆ వారం పనంతా ఆమె ఇంటికి వెళ్ళి మొదటినుంచి చేసుకున్నారు. ఇంటి నుంచి పనిచేసే అనుమతి ఆమెకు సౌకర్యం కాదు, పనిముట్టు అని చెప్పడానికే ఈ సంగతి ఇక్కడ వ్రాయబడింది.

గత నెల మూడవ తేదీన కంప్యూటర్ల అధికారిగారి సంతకంతో ఒక ఉత్తర్వు వెలువడింది. ఇంటి నుంచి పనిచేసేవారందరూ ఇకమీదట రాతప్రతుల భాండారంలోకి వీపీఎన్ ద్వారానే ప్రవేశించాలి. ఏ సంస్థ సేవ తీసుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు. ఉదాహరణకు మూడు సేవలు సూచించబడ్డాయి. నిర్ణయించుకున్న సేవ పేరును జతపరచిన నమూనా నాలుగవ గడిలో నింపి, ఇరవై అయిదవ తేదీ శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోగా పంపాలి. పంపనివారికి ఒకటవ తేదీ నుంచి ఇంటి అనుమతి రద్దవుతుంది. వారు మూడవ అంతస్తులో హాజరు కావాలి.

మూడవ అంతస్తు అన్న మాట చదవగానే అకారాదమ్మగారికి నెత్తి మీద ఫ్యాను తిరిగినట్టయింది. చేతిలో కాగితంతో తమ భవనం కింది అంతస్తుకు దిగారు.

కింద ఆమె ఆడపడుచుకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం వదినగారి పాత కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ మొరాయించినప్పుడు, అందులో ఉన్నదంతా తీసేసి విండోస్‌కు బదులుగా లినక్స్ వేసి పెట్టింది ఆమే. నాటి నుంచి ఆ పెట్టె నోరెత్తలేదు. లినక్స్ గుర్తు పెంగ్విన్ బొమ్మ గనుక భర్తగారు దానిని ఇంట్లో ఇంకొక ప్రాణి కింద లెక్కవేసి, “నీ పెంగ్విన్ లేచిందా” అని పొద్దున్నే పరామర్శిస్తుంటారు.

ఆడపడుచు స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి ఉత్తర్వు చదివింది.

“ఇంతేనా. సొరంగం అనుకో వదినా. మన కంప్యూటర్నించి ఆ కంపెనీవాళ్ళ కంప్యూటర్ దాకా సొరంగం. దారిలో ఎవడు తొంగి చూసినా గోడే కనిపిస్తుంది. అవతలి చివర బయటికొచ్చి మామూలు దారినే పోతావ్.”

“ఆ సొరంగం ఎవరిది?”

“కంపెనీవాడిది.”

“అయితే నేను ఎప్పుడు వచ్చానో, ఎటు పోయానో వాడికి తెలుస్తుందిగా?”

“తెలుస్తుంది. అందుకే మంచివాణ్ణి చూసుకోమనేది.”

“మంచివాడని ఎవరు చెప్తారమ్మాయ్?”

“వాడే చెప్పుకుంటాడు. కావాలంటే ఇదిగో, మొదటి పది సేవలంటూ వరసలేసి పెట్టినవాళ్ళు బోలెడుమంది.” అంటూ ఆడపడుచు తెర మీద నాలుగు పట్టికలు తెరిచింది. అకారాదమ్మగారు కళ్ళజోడు సవరించుకుని నాలుగింటినీ చదివారు.

“ఒక దాంట్లో మొదటిది ఇంకో దాంట్లో తొమ్మిదోది. ఏ క్రమం ఇది? పైగా అన్నిటి కిందా కొనండి అని బొత్తాం ఉంది. పెళ్ళికొడుకు గురించి పెళ్ళికొడుకు మేనమామని అడిగినట్టుంది.”

“వదినా, నువ్వు పంపుల పుస్తకం చేస్తున్నావా, పెళ్ళిసంబంధం చూస్తున్నావా? ఏదో ఒకటి వేసుకో. లినక్స్‌కి సరిగ్గా పనిచేస్తుందా లేదా అదొక్కటి చూసుకో. మిగతావాళ్ళకి కిటికీలు, బొమ్మలు, బొత్తాలు ఇస్తారు. మనదాకా వచ్చేసరికి నల్లటి తెర ఇచ్చి ఆజ్ఞలు నువ్వే టైపు చేసుకోమంటారు.”

ఏదో ఒకటి అన్న మాట అకారాదమ్మగారి నిఘంటువులో లేదు. ఆమె మేడ మీదికి వెళ్ళి మూడు సేవల నిబంధనలనూ, గోప్యతా విధానాలనూ మొదటి అక్షరం నుంచి చదవడం ప్రారంభించారు. సంస్థల పేర్లు నోరు తిరగనివి గనుక వాటి గుర్తులను బట్టి గుడ్లగూబ, డాలు, తాబేలు అని పిలుచుకున్నారు. గుడ్లగూబ విధానం నలభై ఒక్క పుటలు, డాలుది ఇరవై ఆరు, తాబేలుది అయిదు. ఏ సంస్థ తన గురించి ఏమి చెప్పిందో తెలుసుకోవడానికి ఆమెకు తెలిసిన మార్గం ఒక్కటే. మూడింటికీ సూచిక కూర్చారు.

అప్పుడు చేతిలో ఉన్న నీళ్ళ పంపుల మరమ్మతు పుస్తకం చీటీలు పెట్టెల్లోకి వెళ్ళాయి. ఇల్లంతా గోప్యత పరుచుకుంది. నాలుగు రోజులు భర్తగారు మూడు సంస్థల షరతులు దాటుకుంటూ స్నానానికి వెళ్ళివచ్చారు.

గుడ్లగూబ వ్యవహారం రెండవ రోజునే బయటపడింది. వేర్వేరు పుటలలో దూరదూరంగా ఉన్నంతసేపు మర్యాదగా కనిపించిన వాక్యాలు ఒకే చీటీ మీదకి వచ్చేసరికి ఒకదాని మొహం ఒకటి చూసుకోలేకపోయాయి. ఆ చీటీ ఇది: “రాకపోకల చిట్టా: ఉంచము, 1, 2, 4, ఎన్నటికీ ఉంచము (పెద్ద అక్షరాలు), 7, పదిహేను రోజులు ఉంచుతాము, 19.” దాని పక్కనే మరొకటి: “మీ గోప్యత: చూడుము, మా భాగస్వాములు.” భాగస్వాముల దగ్గరికి వెళితే, “చూడుము, ఇతరులు.” ఇతరులు ఎవరో నలభై ఒక్క పుటలలో ఎక్కడా చెప్పలేదు.

“ఇతరులంటే మనమేనేమో,” అన్నారు భర్తగారు, గుమ్మం దగ్గర చీటీల మధ్య ఒంటికాలి మీద నిలబడి.

డాలు దగ్గర అబద్ధం ఏమీ దొరకలేదు. అన్ని కంప్యూటర్లకూ పనిచేస్తుందని మొదటి పుటలో ఉంది. లినక్స్ అన్న పదం మాత్రం మొత్తం మీద ఒక్కచోటే వచ్చింది; ఆ చీటీ మీద, “లినక్స్: త్వరలో, 22.” ఆ పుట అడుగున ఉన్న తేదీ చూస్తే ఆ త్వరలో అన్న మాటకు ఆరేళ్ళు నిండాయి.

తాబేలు అయిదు పుటలకు ముప్పై ఒక్క చీటీలే పడ్డాయి. ఏ విషయం ఎన్నిసార్లు వెతికినా ఒకే పుటలో, ఒకే మాటగా ఉంది. చిట్టా లేదు, 2. లినక్స్‌కు బొత్తాల కిటికీ ఉంది, నల్లతెర ఆజ్ఞలూ ఉన్నాయి, 4. చదవడానికి చప్పగా, సూచికకు హాయిగా ఉంది. అకారాదమ్మగారికి ప్రాణం లేచివచ్చింది. కాగితం మీద నచ్చితే చాలని ఆమె అనుకుంటున్న సమయంలో భర్తగారు అడ్డుతగిలారు.

“అన్నీ బాగానే ఉన్నాయి. తెగితే ఏమవుతుంది?”

“ఏం తెగితే?”

“ఆ సొరంగమోయ్. లిఫ్టు పైకి ఎంత మెత్తగా పోతుందని ఎవడైనా చెప్తాడు. తాడు తెగినప్పుడు ఎక్కడికక్కడ పట్టేసుకుంటుందా, నేలకి దిగిపోతుందా, మేం చూసేది అదే.”

అకారాదమ్మగారు చీటీలు వెతికారు. మూడు వందలలో ‘తెగుట’ అన్న చీటీ లేదు. కిల్ స్విచ్ అన్న పేరుతో మూడు సంస్థలూ దాని ప్రస్తావన చేశాయి; ఆమె దానిని ఏదో విద్యుత్ పరికరంగా భావించి కకారంలో పడేసి ఊరుకున్నారు. సొరంగం మధ్యలో తెగిపోతే, అది మళ్ళీ కలిసేదాకా కంప్యూటరు బయటి దారిన ఒక్క అడుగు కూడా వేయకుండా నిలిపివేసే ఏర్పాటు అది. తొమ్మిదేళ్ళుగా ఆడపడుచును ఏ సందేహమైనా అడిగేది తానే అయినా, ఈ సందేహం తనకు రాకుండా లిఫ్టు ఎక్కి వచ్చినందుకు ఆమె కొంచెం చిన్నబుచ్చుకున్నారు. వెంటనే కొత్త చీటీ తీసి, “తెగుట: చూడుము, కిల్ స్విచ్” అని వ్రాసి తకారంలో ఉంచారు.

కొద్దిరోజులు వాడి చూసే అవకాశం ఇచ్చేవి గుడ్లగూబ, తాబేలు రెండూ గనుక ముగ్గురూ పరీక్షకు కూర్చున్నారు. ముందుగా గుడ్లగూబ. సొరంగం కలిసింది, ఒక పెద్ద ఫైలు దిగడం మొదలైంది. భర్తగారు వంగి గోడకున్న ఇంటర్నెట్ తీగ లాగేశారు. అంతా ఆగిపోయింది.

“పట్టుకుంది. పాసు,” అన్నారు చేతులు దులుపుకుంటూ.

“అన్నయ్యా, కరెంటు తీసేస్తే ఏ లిఫ్టయినా ఆగుతుంది. నువ్వు తాడు తెంచావా?”

భర్తగారు తీగ మళ్ళీ పెట్టేశారు. తన జీవితంలో ఆ మాట ఎంతమంది ఇంజనీర్లను అన్నారో ఆయనకు గుర్తుంది. ఈసారి ఆడపడుచు తీగ జోలికి పోకుండా, సొరంగం నడిపే ప్రోగ్రాము పీకను ఒక్క ఆజ్ఞతో నొక్కింది. గుడ్లగూబ కన్ను మూసింది. ఫైలు మళ్ళీ మొదలుపెడితే నిక్షేపంలా దిగింది, బయటి దారిన, అందరూ చూస్తుండగా. కారణం వెతికితే, కిల్ స్విచ్ సదుపాయం లినక్స్‌కు వర్తించదని ముప్పై మూడవ పుట అడుగున చిన్న అక్షరాలలో ఉంది.

తర్వాత తాబేలు. ఆడపడుచు అదే ఆజ్ఞ ఇచ్చింది. కంప్యూటరు ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. కొత్త పుట తెరవమన్నా తెరవలేదు, ఫైలు అడిగినా ఇవ్వలేదు. సొరంగం మళ్ళీ కలిపేదాకా కదలలేదు.

“ఇదీ లిఫ్టంటే,” అన్నారు భర్తగారు. ఆయన నోట అంతకుమించిన పొగడ్త ఆ ఇంట్లో ఎవరూ విని ఉండలేదు; అకారాదమ్మగారు అసలే వినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె నమూనా నింపడానికి కూర్చున్నారు. పేరు, హోదా, కంప్యూటరు రకం అన్న మూడు గడులూ సాఫీగా సాగాయి. నాలుగవ గడి, సేవ పేరు. అంగుళమున్నర వెడల్పు. అంత చిన్న గడిలో తాబేలు అసలు పేరు ఒక్కటే వ్రాసి ఊరుకోవడం ఆమెకు మనస్కరించలేదు. ఎందుకు దానినే ఎంచుకున్నారో, మిగిలినవి ఎందుకు వద్దనుకున్నారో తెలియకుండా పేరొక్కటి ఏం చెబుతుంది? ఇరవై మూడేళ్ళ అలవాటున చేయి దానంతటదే కదిలింది. నాలుగవ గడిలో ఆమె వ్రాసినది: “చూడుము, జతపరచిన సూచిక.” మూడు విధానాల సూచికను, గుర్తుల పక్కన అసలు పేర్లు వేసి, ఎంచుకున్నది తాబేలని పైన వ్రాసి, శుభ్రంగా టైపు కొట్టి, ఎప్పటిలాగే ఫైలుకు సూచిక–తుది అని పేరు పెట్టి, నమూనాతో కలిపి నాలుగు గంటల పది నిమిషాలకు పంపారు.

ఉత్తరాల విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. అకారాదమ్మగారి నుంచి సూచిక అన్న పేరుతో ఏది వచ్చినా విప్పి చూడకుండా కంపోజింగు విభాగానికి పంపాలి. కంపోజింగు విభాగంలోనూ ఒక ఆనవాయితీ ఉంది. ఆమె సూచికలో ఇంతవరకు ఒక్క తప్పూ దొరకలేదు గనుక చదవకుండా పుటలకెక్కించాలి. ఈ విధంగా సూచిక పంపుల మరమ్మతు పుస్తకం చివరకు వెళ్ళి కూర్చుంది. ఒంటరిగా మిగిలిన నమూనా కంప్యూటర్ల అధికారిగారి బల్ల మీదకు వెళ్ళింది. ఆయన నాలుగవ గడి చూశారు. జతపరచిన సూచిక కోసం కాగితం తిరగేసి చూశారు. వెనుక ఏమీ లేదు. అసంపూర్ణం అని వ్రాసి సంతకం చేశారు.

సోమవారం రద్దు ఉత్తరం అందింది. అకారాదమ్మగారు దానిని మూడుసార్లు చదివి, అప్పటికి మళ్ళీ పరిచి ఉన్న పంపుల చీటీలను తిరిగి పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టారు. నలభై పెట్టెలయ్యాయి. ఖాళీ అయిన నడవలో భర్తగారు ఏ అడ్డూ లేకుండా ఫ్రిజ్ దాకా నడిచి వెళ్ళారు, నీళ్ళు తాగకుండానే తిరిగి వచ్చారు.

“ఇల్లు మరీ వెడల్పుగా ఉందోయ్,” అన్నారు.

ఒకటవ తేదీ ఉదయం ఆమె రెండు పెట్టెలతో మూడవ అంతస్తుకు హాజరయ్యారు. అరబల్ల అక్కడే ఉంది. ఫ్యాను కూడా అక్కడే ఉంది. అకారం, ఆకారం పరిచి నాలుగు వైపులా నాలుగు కాగితపు బరువులు పెట్టేసరికి బల్ల నిండిపోయింది. ఇకారం ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడు కంప్యూటర్ల అధికారిగారు, భాండారంలో చేర్చడానికి తన దగ్గరికి వచ్చిన పంపుల పుస్తకం ప్రూఫు చేత్తో పట్టుకుని వచ్చారు.

“అమ్మా, పంపుల పుస్తకంలోకి తాబేలు ఎలా వచ్చిందండీ?”

“పంపుల్లో తాబేలు లేదండి. ఉంటే పుట సంఖ్య వేసేదాన్ని.”

ఆయన ప్రూఫు ఆమె ముందు పెట్టారు. ఆమె చూశారు. ఇన్నేళ్ళలో మొదటిసారిగా తన సూచిక తప్పు పుస్తకానికి అతుక్కుని ఉంది. ముఖం కందిపోయింది.

“ఇది నాలుగో గడిదండీ. జతపరిచాను.”

“అది తెలిసింది. ఇంకో సంగతి అడగాలి.” ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “గుడ్లగూబ, పందొమ్మిదో పుట. పదిహేను రోజులు ఉంచుతామని నిజంగా ఉందా?”

“పందొమ్మిది, కింది నుంచి నాలుగో వరస.”

“చూశాను. ఉంది.” అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ నేను వేయించింది అదేనండి. ఏడో పుట దాకా చదివాను. అక్కడ పెద్ద అక్షరాల్లో ఉంచము అని ఉంటే ఇక చాలనుకున్నాను.”

“ఏడో పుట దాకా వాళ్ళు కూడా అదే మాట మీద ఉన్నారు లెండి.”

“దీన్ని ఇంకెవరైనా చూశారా?”

“కంపోజింగువాళ్ళు చూసి ఉంటారు. చదివి ఉండరు.”

ఆయన నవ్వారు. నవ్వి, లేచి, తన చేత్తోనే ఫ్యాను ఆపేశారు. అయితే ఒకసారి జారీ అయిన రద్దును వెనక్కి తీసుకునే అధికారం తనకు లేదని, అది సంచాలకులవారికే ఉన్నదని, ఉత్తరాల విభాగం ద్వారా మనవి వస్తే తనకు అభ్యంతరం లేదని తెలిపారు. ఆ మాటను ఆయన రాతపూర్వకంగా కూడా ఇచ్చారు. ప్రతి ఇందుతో జతపరచడమైనది.

సంచాలకులవారికి పై సంగతులన్నీ ఉన్నవి ఉన్నట్టు నివేదించి కోరుతున్నది ఇది. అకారాదమ్మగారి నమూనా గడువుకు యాభై నిమిషాల ముందే అందినది; జత విడిపోవడం ఆమె దోషం కాదు. విప్పి చూడకుండా కంపోజింగుకు పంపిన చేయి ఈ విభాగానిదే, సంతకమూ ఈ క్రిందిదే. ఏ సంజాయిషీ అడిగినా ఇచ్చుకోవడానికి సిద్ధం. నాలుగవ గడిలోని ‘చూడుము’ను నింపిన గడిగానే పరిగణించి, లినక్స్ ఉన్న ఆమె సొంత కంప్యూటరుపై, ఆమె ఎంచి పరీక్షించిన తాబేలు సేవ ద్వారా, ఇంటి నుంచి పనిచేసే అనుమతిని పునరుద్ధరించవలసినదిగా ప్రార్థన. ఆమె కూర్చిన మూడు విధానాల సూచికను ఇంటి నుంచి పనిచేసే మిగిలినవారికి కూడా పంపించే విషయం సంచాలకులవారి విజ్ఞతకు విడువడమైనది.

పంపుల పుస్తకపు అసలు సూచికలో ఇంతవరకు పూర్తయిన భాగం దీనితోపాటు వస్తున్నది. ఈసారి విప్పి చూడడమైనది. అందులో ఉన్నవి పంపులే.

ఉత్తర్వులు వెలువడేవరకు మూడవ అంతస్తు అరబల్లపై నున్న ఫ్యానును ఎవరూ వేయకుండా ఆదేశించవలసినదిగా కూడా మనవి. ఆమె ఈ ఉదయం ఉకారం దాకా వచ్చారు.